రెవిట్ మోడల్ ఈట్యాబ్స్‌లోకి తెస్తే బీములు కాలమ్‌లకి అతకడం లేదు, సోమవారం మీటింగ్

మూడోఅంతస్తు – శుక్రవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక చిన్న స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో చేస్తున్నా, మూడేళ్ల అనుభవం. స్టిల్ట్ ప్లస్ 5 అపార్ట్‌మెంట్ పని వచ్చింది. ఇన్నాళ్లూ మాకు ఆటోక్యాడ్ డ్రాయింగే వచ్చేది, దాన్ని చూసి ఈట్యాబ్స్‌లో (బిల్డింగ్ బలం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) మళ్లీ గీసుకునేవాళ్లం. ఈసారి ఆర్కిటెక్ట్ రెవిట్‌లో చేసిన 3డీ మోడల్ ఇచ్చాడు. మా సార్ "మోడల్ ఉందిగా, డైరెక్ట్‌గా తెచ్చుకో, రెండు రోజుల పని రెండు గంటల్లో అయిపోద్ది" అన్నారు.

సరే అని, రెవిట్ నుంచి ఈట్యాబ్స్‌కి మోడల్ పంపే సీఎస్‌ఐఎక్స్‌రెవిట్ ప్లగిన్‌తో ఈఎక్స్‌ఆర్ ఫైల్ చేసి ఈట్యాబ్స్‌లో ఇంపోర్ట్ చేశా. తెర మీద చూస్తే బిల్డింగ్ బ్రహ్మాండంగా ఉంది, ఫొటో తీసి మా సార్‌కి వాట్సాప్ కూడా చేశా. రన్ కొట్టాక అసలు సినిమా మొదలైంది. వరసగా ఇన్‌స్టెబిలిటీ వార్నింగులు, మొదటి మోడ్ పీరియడ్ (బిల్డింగ్ ఒకసారి అటూ ఇటూ ఊగే సమయం) 6.8 సెకన్లు. ఎత్తు 18 మీటర్లే, భూకంపాల కోడ్ ఐఎస్ 1893 సూత్రంలో పెడితే 0.66 రావాలి! యానిమేషన్ పెట్టి చూస్తే మూడో ఫ్లోర్‌లో ఒక బీము ఒక్కటే గాల్లో ఊగుతోంది, తెగిన గాలిపటం తోకలాగా. బాగా జూమ్ చేస్తే బీము చివరకీ కాలమ్ గీతకీ మధ్య సన్నటి సందు. ఇలాంటివి ఒకటి కాదు, లెక్కపెడితే 30 పైనే ఉన్నాయి.

కాలమ్‌లు కింద 300 × 750, మూడో ఫ్లోర్ నుంచి పైకి 230 × 600. సోమవారం పొద్దున క్లయింట్‌తో మీటింగ్. ఎవరైనా ఈ దారిలో వెళ్లినవాళ్లుంటే కాస్త చెప్పండి.

కొత్తబీటెక్ – శుక్రవారం, రాత్రి 9:50

నాది కూడా సేమ్ ప్రాబ్లం అన్నా. ఇక్కడే కూర్చుంటా.

డైనమో_డింగరి – శుక్రవారం, రాత్రి 10:05

ముందు రెవిట్ ఏ వెర్షనో చెప్పు బ్రో. 2022 వరకు కాలమ్ గీస్తే దాని అనలిటికల్ గీత (లెక్క కోసం కాలమ్‌కి బదులు పెట్టే సన్న గీత) దానంతటదే వెంట వచ్చేది. 2023 నుంచి ఆ రెండిటినీ విడదీశారు. ఇప్పుడు అనలిటికల్ మోడల్ నువ్వు విడిగా గీసుకోవాలి, లేదా ఆటోమేషన్ చేత గీయించుకోవాలి. ఈట్యాబ్స్‌కి వెళ్లేది ఆ గీతలే. నువ్వు తెర మీద చూసి మురిసిపోయిన కాంక్రీటు బొమ్మ కాదు. నీ మోడల్‌లో ఆ గీతలు ఎవరు గీశారు?

మూడోఅంతస్తు – శుక్రవారం, రాత్రి 10:11

2024. ఆర్కిటెక్ట్ ఇచ్చిందాంట్లో అనలిటికల్ ఏమీ లేదు. నేనే ఆటోమేషన్ బటన్ నొక్కా. అది ఏదో అడిగింది, ఓకే కొట్టా. ఏమడిగిందో నిజంగా చదవలేదు.

డైనమో_డింగరి – శుక్రవారం, రాత్రి 10:13

దొరికాడు దొంగ 😀

పాతగ్రిడ్ – శుక్రవారం, రాత్రి 11:20

బాబూ, నువ్వు చివర్లో చెప్పిన కాలమ్ సైజుల్లోనే జవాబు ఉంది. 300 కాలమ్ పైన 230 కాలమ్ పెట్టినప్పుడు ఆర్కిటెక్ట్ ఏం చేస్తాడు? బయటి గోడ ముఖం ఒకే వరసలో ఉండాలి కాబట్టి బయటి వైపు కలుపుతాడు. తప్పేం కాదు, సైట్‌లో కూడా అలానే పోస్తారు. కానీ కాలమ్ మధ్య గీత లోపలికి కాదు, బయటికి జరుగుతుంది, 35 మిల్లీమీటర్లు. రెండో వైపు కూడా 750 నుంచి 600కి తగ్గించి ఒక ముఖమే కలిపితే అటు 75 జరుగుతుంది. ఇప్పుడు ఆ ఫ్లోర్ బీము ఎవరి దగ్గరికి వెళ్లాలి? కింది కాలమ్ తల దగ్గరికా, పై కాలమ్ కాలి దగ్గరికా? సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది, రెండోది గాల్లో మిగులుతుంది. కాంక్రీటులో చూస్తే అన్నీ ఒకదాన్నొకటి కరుచుకునే ఉంటాయి, అందుకే నీకు బొమ్మ బాగుంది. గీతల్లో చూస్తే పక్కపక్క ఇళ్లవాళ్లు మాట్లాడుకోనట్టు.

చేయాల్సింది ఇది. అనలిటికల్ కాలమ్ గీతని పునాది నుంచి పైదాకా ఒకే నిలువు గీతగా పెట్టు, గ్రిడ్ ఖండన మీద. బీము గీతల్ని కూడా గ్రిడ్ మీదకే లాగు. కాలమ్ నిజంగా ఎంత పక్కకి ఉందో అది ఈట్యాబ్స్‌లో ఇన్సర్షన్ పాయింట్‌లో ఇవ్వు. 75 మిల్లీమీటర్ల తేడా అంటే దానివల్ల వచ్చే మొమెంట్ (వంచే ప్రభావం) వదిలెయ్యదగ్గది కాదు.

ఇంకొకటి. ఎవరో ఒకరు వచ్చి మెర్జ్ టాలరెన్స్ (ఎంత దగ్గరున్న పాయింట్లని ఒకటిగా కలిపెయ్యాలో చెప్పే కొలత) 100 పెట్టెయ్, అన్నీ అతుక్కుంటాయి అంటారు. వినకు. లిఫ్ట్ గోడల దగ్గర, మెట్ల దగ్గర విడిగా ఉండాల్సిన పాయింట్లు కూడా ఒకదాన్లోకి ఒకటి వెళ్లిపోతాయి. అప్పుడు వార్నింగ్ కూడా రాదు.

ఓరుగల్లు_పోరడు – శుక్రవారం, రాత్రి 11:34

ఇంత లొల్లి ఎందుకన్నా. గ్రిడ్ ఒక్కటి డీఎక్స్‌ఎఫ్ (క్యాడ్ డ్రాయింగ్ ఫైల్) చేసి ఈట్యాబ్స్‌ల పెట్టుకో, కాలమ్‌లు బీములు నువ్వే గీసుకో. స్టిల్ట్ ప్లస్ 5 అంటే ఒక్క టిపికల్ ఫ్లోర్, పొద్దుగాల మొదలుపెడితే మాపటికి అయిపోతది. నేను పదేండ్ల సంది గిట్లనే చేస్తున్న, ఒక్క బీము గాల్లో ఎగరలే. మోడల్ తెచ్చుకుని బాగుచేసుడు కన్న కొత్తది గీసుడే నయం.

గాజువాక_డీటెయిలర్ – శనివారం, ఉదయం 7:15

ఓరుగల్లు అన్న చెప్పింది ఒక్కసారికి కరెక్టే. ఆర్కిటెక్ట్ ఏడోసారి రివిజన్ పంపినప్పుడు కూడా ఇదే మాట అంటాడేమో చూడాలి.

ఓరుగల్లు_పోరడు – శనివారం, ఉదయం 7:40

ఏడోసారి అయితే ఫీజు పెంచమంట 😂

గచ్చుఅరుగు – శనివారం, ఉదయం 9:02

ఆర్కిటెక్ట్‌ని అందరూ కలిసి వాయిస్తున్నారు కాబట్టి ఆ వైపు నుంచి నేను. విజయవాడలో చిన్న ఆఫీసు మాది, ఆర్కిక్యాడ్ వాడతాం. మా స్ట్రక్చరల్ వాళ్లు రెవిట్. మధ్యలో ఐఎఫ్‌సీ, అంటే వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య మోడల్ పంపుకునే ఉమ్మడి ఫైల్ పద్ధతి. నా గోడు కూడా ఇక్కడే పెడతా, ఎందుకంటే జబ్బు ఒకటే.

మొదటిసారి ఐఎఫ్‌సీ పంపినప్పుడు వాళ్ల దగ్గర నుంచి ఫోన్, "మేడమ్, మీ బిల్డింగ్ వణుకుతోంది" అని. నిజంగానే రెవిట్‌లో గీతలు వణుకుతున్నాయి, వంపు గోడలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నాయి. కారణం తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. సర్వేయర్ ఇచ్చిన డ్రాయింగ్ యూటీఎం (మ్యాపుల్లో వాడే మీటర్ల కొలత) 44వ జోన్ కోఆర్డినేట్లలో ఉంది. విజయవాడ అంటే ఉత్తరం వైపు సంఖ్య దాదాపు 18 లక్షల 25 వేల మీటర్లు. నేను దాన్ని అలాగే తెచ్చి, దాని మీదే మోడల్ గీసేశా. రెవిట్‌కి తన అంతర్గత మూలబిందువు చుట్టూ 16 కిలోమీటర్ల లోపల ఉంటేనే లెక్క సరిగ్గా కుదురుతుంది. మేము దానికి పెట్టింది దాదాపు భూమధ్యరేఖ నుంచి కొలత!

ఇప్పుడు చేసేదేంటంటే గ్రిడ్ ఏ-1 ఖండనని సున్నా అనుకుంటాం. ఆ బిందువు అసలు సర్వే విలువలు, ఉత్తరం దిక్కు ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో, సున్నా లెవల్ సముద్ర మట్టానికి ఎంత పైన ఉందో ఒక కాగితం మీద రాసి అందరికీ పంపుతాం. ఐఎఫ్‌సీ 4లో దీనికోసం మ్యాప్ కన్వర్షన్ అని చోటు కూడా ఉంది, పాత 2ఎక్స్3లో లేదు. అయినా సరే నేను కాగితం మానను. ఫైల్‌లో ఉన్నది ఎవరూ చదవరు, గోడకి అంటించింది చదువుతారు.

మూడోఅంతస్తు – శనివారం, ఉదయం 10:30

పాతగ్రిడ్ సార్, పాదాభివందనం. రాత్రి రెండింటి దాకా కూర్చుని కాలమ్ గీతలన్నీ నిలువుగా పెట్టా. పీరియడ్ 0.94కి వచ్చింది. వార్నింగులు నాలుగు మిగిలాయి, అవి మెట్ల మధ్య లాండింగ్ బీములు, వాటి సంగతి నేను చూసుకుంటా.

బరువు కూడా సరిచూశా సార్. రెవిట్ షెడ్యూల్‌లో పునాది పైన కాంక్రీటు 612 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకి 25 చొప్పున వేస్తే 15,300 కిలోన్యూటన్లు. ఈట్యాబ్స్‌లో సెల్ఫ్ వెయిట్ ఒక్కటే పెడితే అడుగున రియాక్షన్ (పునాది మీద పడే మొత్తం బరువు) 15,370. అర శాతం కూడా తేడా లేదు! ఇక డిజైన్‌కి వెళ్లిపోవచ్చు కదా?

పాతగ్రిడ్ – శనివారం, ఉదయం 11:05

వెళ్లకు. అంత బాగా కలవకూడదు.

రెవిట్‌లో బీమూ స్లాబూ జాయిన్ అయి ఉంటే ఒకదాని మీద ఒకటి పడ్డ భాగాన్ని ఒక్కసారే లెక్కిస్తుంది. ఈట్యాబ్స్‌లో బీము పూర్తి లోతూ లెక్కే, దాని మీద స్లాబ్ మందమూ లెక్కే. నీ బీము వెడల్పు 230, స్లాబ్ 125 అనుకో, మీటరు బీముకి 0.029 ఘనపు మీటర్లు రెండుసార్లు పడుతుంది. ఫ్లోరుకి బీములు ఎన్ని మీటర్లు ఉంటాయో నువ్వే చూసి ఆరుతో గుణించు. ఆ మేరకి ఈట్యాబ్స్ ఎక్కువ చూపించాలి. చూపించలేదంటే ఇంకెక్కడో తక్కువ పడింది.

మెటీరియల్ తెరిచి చూడు.

మూడోఅంతస్తు – శనివారం, మధ్యాహ్నం 12:18

సార్...

ఫ్లోరుకి బీములు సుమారు 240 మీటర్లు. ఆరు ఫ్లోర్లకి 41 ఘనపు మీటర్లు, అంటే 1,035 కిలోన్యూటన్లు ఎక్కువ రావాలి. రాలేదు. మెటీరియల్ తెరిస్తే మనం వాడే ఎం25 కాంక్రీటు పేరు ఉంది గానీ ఒక్క బీముకీ అది తగిలించి లేదు. అన్నిటికీ 4000 పీఎస్‌ఐ అని ఈట్యాబ్స్ డిఫాల్ట్ మెటీరియల్ ఉంది. ఆర్కిటెక్ట్ రెవిట్‌లో పెట్టిన పేరు "కాంక్రీట్ - గ్రే". అది దేనికీ మ్యాప్ అవ్వక డిఫాల్ట్‌లో పడినట్టుంది. దాని సాంద్రత 23.56. మనది 25.

ఎం25కి మార్చి మళ్లీ రన్ చేస్తే 16,310 వచ్చింది. 15,300కి 1,035 కలిపితే 16,335. ఇప్పుడు నాకు భయం పట్టుకుంది, మీరు ఆపకపోతే సంతోషంగా డిజైన్ చేసేసేవాణ్ణి.

డైనమో_డింగరి – శనివారం, మధ్యాహ్నం 12:25

ఒక తప్పు ఆరు శాతం తగ్గించింది, ఇంకోటి ఆరేడు శాతం పెంచింది, రెండూ కలిసి షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నాయి. ఈ థ్రెడ్ బుక్‌మార్క్ చేసుకుంటున్నా.

పాతగ్రిడ్ – శనివారం, మధ్యాహ్నం 12:50

పీరియడ్ చూసి కూడా పట్టుకోలేం ఇది, ఎందుకో చూడు. ఆ 4000 పీఎస్‌ఐ కాంక్రీటు ఇలాస్టిక్ మాడ్యులస్ (బిగువు కొలత) 24,855 మెగాపాస్కల్. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఎం25కి 25,000. దాదాపు ఒకటే. ఊగడంలో తేడా తెలియదు, బరువులో మాత్రం ఆరు శాతం పోతుంది.

అలాగే గోడలు. రెవిట్‌లో ఆర్కిటెక్ట్ తొమ్మిదంగుళాల గోడ గీశాడు కదా అని ఈట్యాబ్స్‌లో లోడ్ వచ్చేస్తుందనుకోకు. రాదు. 230 గోడ, బీము పోను ఎత్తు 2.55, ఇటుక 20 చొప్పున మీటరుకి 11.7 కిలోన్యూటన్లు, ప్లాస్టరింగ్ వేరే. అది నువ్వే వెయ్యాలి. ఏ ప్లగిన్‌కీ వదిలెయ్యకూడనిది లోడ్ ఒక్కటే. నేను అయితే జియామెట్రీ తప్ప ఇంకేదీ తెచ్చుకోను. గ్రిడ్లు, లెవల్స్, గీతలు, సైజులు. మెటీరియల్, సపోర్టు, రిలీజు, లోడు, డయాఫ్రం అన్నీ ఇక్కడే కొత్తగా ఇస్తా.

ఓరుగల్లు_పోరడు – శనివారం, మధ్యాహ్నం 1:10

అంటే సగం నా మాటే కద సార్ 🙏

పాతగ్రిడ్ – శనివారం, మధ్యాహ్నం 1:14

సగం నీదే.

గాజువాక_డీటెయిలర్ – శనివారం, మధ్యాహ్నం 2:30

స్టీలు వైపు కూడా ఒక ముక్క. మాకు ఐఎఫ్‌సీ వస్తుంది, స్టీలు డీటెయిలింగ్ సాఫ్ట్‌వేర్ టెక్లాలో రిఫరెన్స్‌గా పెట్టుకుని నేటివ్ వస్తువులుగా మారుస్తాం. గత నెల ఒక షెడ్డు, 140 బీములు. అన్నీ మారాయి, ఒక్క రకం మాత్రం మారనంటోంది. గంట సేపు చూశా. వాళ్ల ఫైల్‌లో ఐఎస్‌ఎంబీ (ఐ ఆకారం స్టీలు బీము పేరు) తర్వాత ఒక స్పేస్ ఇచ్చి 300 అని ఉంది, మా కేటలాగ్‌లో స్పేస్ లేదు. అంతే! ఒక ఖాళీ జాగా. పేరు కలవకపోతే టెక్లాకి అది ఏ సెక్షనో తెలియదు. మాపింగ్ పట్టికలో ఒక లైన్ రాస్తే ఒక్క నిమిషంలో అయిపోయింది.

అప్పట్నుంచి మా రూల్, పని మొదలెట్టే ముందే సెక్షన్ పేర్ల పట్టిక రెండు వైపులా కూర్చుని రాసుకోవడం. ఐఎఫ్‌సీ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చని చాలామందికి తెలియదు. మామూలు అక్షరాలే. ఒక్కో లైను మొదట్లో నంబరు, తర్వాత అది బీమా కాలమా, తర్వాత వివరాలు. సెక్షన్ పేరు ఎలా రాసి ఉందో, యూనిట్ మిల్లీమీటరా మీటరా, వెర్షన్ 2ఎక్స్3నా 4నా, అన్నీ కళ్లతో చూసుకోవచ్చు. నేను ఏ ఫైల్ వచ్చినా ముందు అక్కడే తెరుస్తా.

కొత్తబీటెక్ – శనివారం, మధ్యాహ్నం 2:44

నోట్‌ప్యాడ్‌లో తెరిచా అన్నా! మాది కాలేజీ ప్రాజెక్టు, గదుల పేర్లు తెలుగులో పెట్టాం. "పూజ" అని ఉండాల్సిన చోట వెనక్కి వాలిన గీత, ఎక్స్2, తర్వాత 0సీ2ఏ0సీ420సీ1సీ అని ఏదో వచ్చింది. ఫైల్ పాడైపోయిందా?

గాజువాక_డీటెయిలర్ – శనివారం, మధ్యాహ్నం 2:58

పాడవలేదు తమ్ముడూ, అదే నీ పూజ గది. ఆ ఫైల్‌లో ఇంగ్లిష్ కాని అక్షరాలన్నీ యూనికోడ్ నంబర్లుగా రాస్తారు. 0సీ2ఏ అంటే ప, 0సీ42 అంటే ఊ దీర్ఘం గుర్తు, 0సీ1సీ అంటే జ. మంచి వ్యూయర్‌లో తెరిస్తే మళ్లీ తెలుగే కనిపిస్తుంది. కనిపించకపోతే తప్పు వ్యూయర్‌ది, నీది కాదు.

కొత్తబీటెక్ – శనివారం, మధ్యాహ్నం 3:01

వావ్. అన్నా, ఆ ప్లగిన్ క్రాక్ వెర్షన్ లింక్ ఎవరి దగ్గరైనా ఉందా?

నిర్వాహకుడు – శనివారం, మధ్యాహ్నం 3:20

ఇక్కడ అవి అడగొద్దు. స్టూడెంట్ లైసెన్స్ ఉంటుంది, అది వాడుకో. ఐఎఫ్‌సీ చూడ్డానికి, మార్చడానికి బోన్‌సాయ్ ఉంది, బ్లెండర్ మీద పనిచేస్తుంది, పూర్తిగా ఉచితం. ఇదివరకు దాని పేరు బ్లెండర్‌బిమ్.

సింగపూర్_సుబ్బడు – శనివారం, సాయంత్రం 5:45

ఇక్కడ సింగపూర్‌లో బిల్డింగ్ అనుమతులకి కోరెనెట్ ఎక్స్ అని పెట్టారు, దానికి ఐఎఫ్‌సీ-ఎస్‌జీ అనే పద్ధతిలో మోడల్ ఇవ్వాలి. ఒక్కో తలుపుకి, ఒక్కో గదికి ఏ సమాచారం ఏ పేరుతో ఉండాలో పట్టిక ఇచ్చేశారు. మొదట్లో అందరం తిట్టుకున్నాం, బోలెడు పని అని. కానీ లాభం ఏంటంటే "మీ దగ్గర ఇలా పిలుస్తారా, మా దగ్గర అలా పిలుస్తాం" అనే గొడవ పోయింది. గాజువాక అన్న చెప్పిన స్పేస్ గోల ఇక్కడ గవర్నమెంటే తీర్చింది.

గచ్చుఅరుగు – శనివారం, సాయంత్రం 6:10

మా దగ్గర మోడల్ ఎంత ముద్దుగా చేసినా అనుమతికి మళ్లీ క్యాడ్ డ్రాయింగే కదండీ. ఫలానా గీత ఫలానా లేయర్‌లో, పాలీలైన్ మూసుకోకపోతే వెనక్కి. మోడల్ ఒకటి, అనుమతికి ఇంకొకటి, సైట్‌కి వేరొకటి. మూడూ ఒకే ఇల్లు అని మేము నమ్ముతాం.

ఓరుగల్లు_పోరడు – శనివారం, రాత్రి 8:00

అసలు ఈ కంపెనీలే కావాలని చేస్తున్నయ్. ఒకని ఫైల్ ఇంకొకని దాంట్ల మంచిగ తెరుచుకుంటే వీళ్ల సబ్‌స్క్రిప్షన్ ఎవడు కొంటడు? రెవిట్ 2024ల సేవ్ చేసింది 2023లనే తెరుచుకోదు, ఇగ వేరే కంపెనీల ఎట్ల తెరుచుకుంటది.

సింగపూర్_సుబ్బడు – శనివారం, రాత్రి 8:35

పూర్తిగా అలా అనలేం అన్నా, కథ కొంచెం తమాషాగా ఉంటుంది. ఈ ఐఎఫ్‌సీకి మొదలు పెట్టిందే రెవిట్ కంపెనీ ఆటోడెస్క్. 1994లో 12 అమెరికన్ కంపెనీలని కూడగట్టింది, మరుసటి ఏడు అందరికీ తలుపులు తెరిచారు, అదే తర్వాత బిల్డింగ్‌స్మార్ట్ అయింది. 2013లో ఐఎస్‌ఓ ప్రమాణం కూడా అయింది, నంబర్ 16739. 2020లో బ్రిటన్ ఆర్కిటెక్ట్ ఆఫీసులు కొన్ని కలిసి రెవిట్ మీద ఆటోడెస్క్‌కి బహిరంగ లేఖ రాశాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆటోడెస్క్ వాళ్లు ఓపెన్ డిజైన్ అలయన్స్‌లో చేరారు, ఐఎఫ్‌సీ పనిముట్ల కోసం. పెట్టిందీ వాళ్లే, తిట్లు తిన్నదీ వాళ్లే.

నష్టం సంగతి అయితే పాతదే. 2004లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ లెక్కగట్టింది, సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం వల్ల అక్కడి భారీ నిర్మాణాల్లో ఏడాదికి 1,580 కోట్ల డాలర్లు పోతున్నాయని. అందులో మూడింట రెండు వంతులు మోసింది ఇంజినీర్లూ కాదు ఆర్కిటెక్ట్‌లూ కాదు, బిల్డింగ్ కట్టించుకుని నడిపేవాళ్లు.

ఓరుగల్లు_పోరడు – శనివారం, రాత్రి 8:41

గందుకే మన క్లయింట్లు ఫీజు బేరం ఆడుతరేమో, ముందే మోస్తున్నరు గద 😀

డైనమో_డింగరి – ఆదివారం, ఉదయం 9:30

గచ్చుఅరుగు మేడమ్, మీ స్ట్రక్చరల్ వాళ్లు మీ ఐఎఫ్‌సీని రెవిట్‌లో లింక్ చేస్తున్నారా, ఓపెన్ చేస్తున్నారా? ఈ తేడా తెలియక చాలామంది తిట్టుకుంటారు. లింక్ చేస్తే అన్నీ డైరెక్ట్‌షేప్‌లుగా వస్తాయి, చూడ్డానికే, గోడని పట్టుకుని జరపలేరు. ఓపెన్ చేస్తే కొన్ని మామూలు గోడలుగా, కొన్ని ముద్దలుగా వస్తాయి. మా ఆఫీసులో ఓపెన్ చెయ్యడం నిషేధం. వేరేవాళ్ల మోడల్ చూసి మనది మనం గీసుకోవాలి గానీ, వాళ్లది తెరిచి దాన్నే మన మోడల్ చేసుకోకూడదు. రేపు వాళ్లు కొత్తది పంపితే మన మార్పులన్నీ గోవిందా.

గచ్చుఅరుగు – ఆదివారం, ఉదయం 11:00

లింకే. కానీ మాకు లెవల్స్‌తో తలనొప్పి వచ్చింది. నేను ఆర్కిటెక్ట్‌ని కాబట్టి నా లెవల్ అంటే టైల్స్ వేశాక పై అంచు. వాళ్ల లెవల్ అంటే స్లాబ్ పై అంచు. మధ్యలో 60 మిల్లీమీటర్లు. మొదటి ప్రాజెక్టులో ఈ మాట ఎవరూ ఎవరితో అనలేదు. లింటెల్స్ అన్నీ 60 మిల్లీమీటర్లు కిందకి దిగాయి, బాత్‌రూమ్ తలుపు ఫ్రేములు సైట్‌లో కోయించాం. వడ్రంగి ఆ రోజు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు.

రెవిట్ వాళ్లు మాకు పంపేటప్పుడు ఇంకో తమాషా. వాళ్లు సిల్ లెవల్, లింటెల్ లెవల్ అన్నీ లెవల్స్‌గానే గీసుకుంటారు. బిల్డింగ్ స్టోరీ అనే టిక్ తీసెయ్యకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే అవన్నీ అంతస్తులైపోతాయి. మా ఐదంతస్తుల బిల్డింగ్ నా దగ్గర 17 అంతస్తులుగా తెరుచుకుంది. క్లయింట్‌కి చూపిస్తే అదే ఫీజుకి 17 కట్టివ్వమనేవాడు.

పాతగ్రిడ్ – ఆదివారం, ఉదయం 11:25

ఈ 60 మిల్లీమీటర్ల సంగతి మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోవాలి. నేను ఇప్పుడు ఏ కొత్త ఆర్కిటెక్ట్‌తో పనిచేసినా ముందు మొత్తం మోడల్ అడగను. ఒకే ఒక్క గది పంపమంటాను. నాలుగు కాలమ్‌లు, నాలుగు బీములు, ఒక స్లాబ్, ఒక గోడ, ఒక తలుపు. అది మా దగ్గరికి వచ్చి, ఈట్యాబ్స్‌కి వెళ్లి, తిరిగి రెవిట్‌కి వచ్చి, వాళ్ల దగ్గరికి చేరాక ఏం మిగిలిందో చూస్తాం. అరపూట పని. వచ్చే ఇబ్బందులన్నీ ఆ ఒక్క గదిలోనే బయటపడతాయి.

మూడోఅంతస్తు – సోమవారం, రాత్రి 8:15

అప్‌డేట్. మీటింగ్ అయింది. లోడ్లన్నీ చేత్తో వేశా, గోడలతో సహా. మా సార్ సెల్ఫ్ వెయిట్ ఒక్కదానికి అడుగున రియాక్షన్ చూసి "ఇదేంటి రెవిట్ కన్నా వెయ్యి ఎక్కువ" అన్నారు, బీము మీద స్లాబ్ సంగతి చెప్పా, పాతగ్రిడ్ సార్ లెక్కే. రెండు నిమిషాలు కాగితం మీద వేసుకుని ఊ అన్నారు. మా ఆఫీసులో ఊ అంటే అవార్డు.

అంతా అయ్యాక క్లయింట్ వాళ్ల నాన్నగారు డ్రాయింగ్ చూసి మెట్లు ఈశాన్యంలో ఉన్నాయి, కుదరదు అన్నారు. నైరుతికి మార్చాలట. ఆర్కిటెక్ట్ అక్కడే కూర్చుని తలూపాడు. సాయంత్రానికి కొత్త మోడల్ వచ్చేసింది.

గాజువాక_డీటెయిలర్ – సోమవారం, రాత్రి 8:22

వచ్చింది వాస్తు! ఇప్పుడు అసలు పరీక్ష. కొత్త మోడల్‌తో ఈట్యాబ్స్‌లో అప్‌డేట్ కొట్టావా, పాతది నిలబడిందా?

మూడోఅంతస్తు – సోమవారం, రాత్రి 9:05

ఒక కాపీ మీద కొట్టి చూశా. 24 కాలమ్ లైన్లలో 20 ఎక్కడివి అక్కడే ఉన్నాయి, లోడ్లు కూడా పోలేదు. నాలుగు మాత్రం పాతవి పోయి కొత్తవి వచ్చాయి, వాటి సెక్షన్ కూడా డిఫాల్ట్‌కి పోయింది. ఆర్కిటెక్ట్‌కి ఫోన్ చేసి అడిగా, మెట్ల చుట్టూ ఉన్న కాలమ్‌లు జరిపావా, చెరిపి మళ్లీ గీశావా అని. చెరిపి గీశాడట.

డైనమో_డింగరి – సోమవారం, రాత్రి 9:12

అదే. ఒక్కో వస్తువుకీ ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, ఐఎఫ్‌సీలో అయితే 22 అక్షరాలు. జరిపితే నంబరు అదే, చెరిపి గీస్తే కొత్త మనిషి కింద లెక్క, ఆధార్ మారినట్టు. చెరపొద్దు, జరపమను.

మూడోఅంతస్తు – సోమవారం, రాత్రి 9:20

చెప్పా. "సరే గానీ, లిఫ్ట్ కూడా మారొచ్చు" అన్నాడు.

ఓరుగల్లు_పోరడు – సోమవారం, రాత్రి 9:23

గ్రిడ్ డీఎక్స్‌ఎఫ్ రెడీగ పెట్టుకో తమ్మీ 😂